అలాగే మేస్త్రీ పట్టిన సొరచేప

సోఫాల మేస్త్రీకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది. దాన్ని కరెంటు బిల్లు తప్ప ఎవరూ వాడలేదు. వీధి మొత్తానికీ అతను అలాగే మేస్త్రీ. కుర్చీకి కొత్త స్పాంజి వెయ్యమంటే అలాగే. రేపటికల్లా కావాలంటే అలాగే. రేపు కాదు, ఈ సాయంత్రానికే అంటే దానికీ అలాగే. ఎర్ర రెక్సిన్ మీద చిలకపచ్చ అంచు కుట్టమని ఒకాయన అడిగితే, ఆ సోఫా చూసినవాళ్ళు కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తుందని తెలిసి కూడా అలాగే అన్నాడు. కుట్టాడు కూడా. ఆ సోఫా ఇప్పటికీ ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు.

ఇదంతా అతని మంచితనమని కొందరు, చేతకానితనమని కొందరు అనుకునేవారు. అతని భార్య సిద్ధాంతం వేరు. మేస్త్రీ పనిలో దిగాడంటే చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. ఒక్కొక్క మేకునూ నాలుకతో పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం ఉన్న సుత్తికి అందించి, చెక్కలోకి దిగ్గొట్టి గుడ్డ బిగిస్తాడు. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా ఆ నోట్లో మేకులే. మేకు మింగకుండా, కింద పడకుండా అనగలిగిన మాట అదొక్కటే. వద్దనాలన్నా, ఎందుకని అడగాలన్నా ముందు మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకోవాలి. ఒక్క మాట కోసం అంత తతంగం ఎవరు పెట్టుకుంటారు? పనిలో లేనప్పుడు కూడా నోటికి ఆ అలవాటు పోలేదని ఆవిడ అనుకునేది.

ఆవిడ మందుల షాపు కౌంటరులో పనిచేస్తుంది. అందుకని వీధికి ఆవిడ మందులమ్మ. ఎంతటి డాక్టరు గీతలైనా ఇట్టే చదివేస్తుందని పేరు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా మొగుడి మొహం మాత్రం చదవలేకపోయింది. ఆ మొహం మీద ఎవరూ ఏమీ రాయలేదు మరి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

దీనివల్ల ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. మేస్త్రీని అందరూ అడుగుతారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. "ఏవండీ, టీ తాగుతారా?" అని అడుగుతూనే మందులమ్మ వంటగదిలోకి నడిచేది. వెనక నుంచి అలాగే అని వినబడేసరికి నీళ్ళు పొయ్యి మీద ఉండేవి. ఆవిడ తమ్ముడైతే ఇంకా పైమెట్టు. "బావా, బండి తీసుకెళ్తున్నా, థాంక్స్" అని మొత్తం ఒకే ఊపిరిలో ముగించేవాడు. బావగారి అలాగే నోటి నుంచి బయటపడేసరికి బండి సందు మలుపు తిరిగేది.

ఈ తమ్ముడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతాడు. షాపులో ఉన్నది అతనొక్కడే అయినా బయట బోర్డు మీద మేనేజరు అని రాయించుకున్నాడు కాబట్టి అందరూ మేనేజరు అనే పిలుస్తారు. అతనికి రోడ్డు మీదికున్న బావగారి షాపు గది మీద ఎప్పటినుంచో కన్ను. ఒకరోజు అక్కను పట్టుకుని చెవిలో జోరీగలా మొదలుపెట్టాడు. అతని షాపు సందులో ఉండటం వల్ల జనానికి కనపడటం లేదట. బావ పనికి రోడ్డుతో అవసరమేముంది, ఇంటి వెనక రేకుల కింద కూర్చుని కుట్టుకోవచ్చు కదా అట. మందులమ్మ అప్పుడు తలనొప్పి మాత్రలు లెక్కపెడుతోంది. లెక్క తప్పుతుందన్న విసుగులో, "సరేలేరా, ఆయనేమీ అనుకోరు," అంది.

ఆ సాయంత్రమే మేనేజరు బావగారి షాపుకి వెళ్ళాడు. "బావా, ఈ గది నాకు కావాలి. సోమవారం తాళాలిచ్చెయ్, థాంక్స్."

మేస్త్రీ నోట్లో మేకులున్నాయి. "అలాగే."

మర్నాడు మేనేజరు డ్రిల్లు మిషను తెచ్చి, కుట్టుమిషను పైనున్న గోడకు చిటికెన వేలంత లావు కొక్కెం ఒకటి బిగించాడు. మేస్త్రీ స్టూలు పట్టుకున్నాడు. ఆ కొక్కేనికి సొరచేప దవడ వేలాడుతుందని మేనేజరు వివరించాడు. కింద ఒక బోర్డు పెడతాడు: ఈ పళ్ళు కూడా గీయలేని ఫోను అద్దాలు మా దగ్గర దొరుకును. ఫోనును సొరచేప నోట్లో పెట్టే అవసరం ఎవరికి వస్తుందని మేస్త్రీ అడగలేదు. దవడ బజార్లో కొనుక్కోవచ్చు గానీ అలా కొన్నదానికి విలువ ఉండదనీ, సొంతంగా పట్టిన సొర అయితే ఫొటోలతో సహా పెట్టుకోవచ్చనీ మేనేజరు తేల్చాడు. ఆదివారానికి పడవ మాట్లాడేశాడు. కుటుంబమంతా రావాలన్నాడు. మేస్త్రీ కూతురికి పరీక్షలున్నాయి. ఆ అమ్మాయి పరీక్షలంటే అంత సంతోషపడటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

శనివారం సాయంత్రం మందులమ్మ పని నుంచి వస్తూ షాపులోకి తొంగిచూసింది. మేస్త్రీ నేల ఊడ్చి, రెక్సిన్ చుట్టలన్నీ ఒక మూలకు చేర్చి, కిటికీ పక్క గోడ మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతే, ఊరికే నిలబడ్డాడు. 

"బాధపడకండి," అంది.

"అలాగే," అన్నాడు.

ఇంటికి వెళ్తూ దారిపొడుగునా ఆవిడ దీని గురించే తల బద్దలు కొట్టుకుంది. ఈ మనిషికి గది పోతున్నందుకు బాధగా ఉందా, లేదా? ఉంటే తను చేసింది ఘోరం. లేకపోతే ఏ గొడవా లేదు. ఏది నిజమో ఒక్కసారి తెలిస్తే చాలు. అడిగితే అలాగే అంటాడు. ఆ మాటను ఎటు తిప్పి చదివినా ఒకటే.

ఆదివారం తెల్లారగానే పడవెక్కారు. మేనేజరు, అతని అక్క, బావ, వీళ్ళతో పాటు అక్కాతమ్ముళ్ళ అమ్మ. సముద్రం మధ్యలో ఎక్కడ కూర్చోవాలో ఏమోనని పెద్దావిడ ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంది. పడవ నడిపే సరంగు ఆ కుర్చీని చూశాడు, పెద్దావిడను చూశాడు, ఏమీ అనకుండా కుర్చీ కాళ్ళను తాడుతో స్తంభానికి కట్టేశాడు.

ఒడ్డు కనుమరుగయ్యాక సరంగు ఇంజను ఆపి, చేపల తుక్కు నింపిన సంచిని పడవ వెనక నీళ్ళలోకి వేలాడదీశాడు. ఆ వాసనకు సొరలు వస్తాయట. సొరల సంగతేమో గానీ మేనేజరు మొహం మాత్రం అప్పుడే రంగు మారింది. తర్వాత సరంగు అందర్నీ కూర్చోబెట్టి తన పడవ నియమం చెప్పాడు.

"నా పడవలో ఓట్లు లేవు. చేప తగిలినప్పుడు గాలం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. పడవ పక్కకు తెచ్చాక ఏం చేద్దామని అడుగుతాను. ఉంచమంటే ఉంచుతా, వదలమంటే వదులుతా. ఆ ఒక్కరు చెప్పేదాకా ఆగుతా. మిగతావాళ్ళు అరిచి గీపెట్టినా నాకు వినపడదు."

ఈ నియమం ఊరికే పుట్టలేదు. వెనకటికి ఒక కుటుంబం ఈ పడవ మీదే చేపను ఉంచాలా వదలాలా అని కొట్టుకుందట. బాబాయి తలవైపు, అబ్బాయి తోకవైపు పట్టుకుని లాగితే చేప జారి నీళ్ళలో పడింది, దాని వెనకే బాబాయి పడ్డాడు. బాబాయిని పైకి తీశారు. చేప దొరకలేదని ఆ ఇంటివాళ్ళు ఒడ్డు చేరేదాకా బాధపడుతూనే ఉన్నారట.

"గాలం నా చేతిలోనే ఉంటుందిలే," అన్నాడు మేనేజరు.

ఉంది కూడా, చాలాసేపు. నడుముకు బెల్టు బిగించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, గాలం కర్ర పట్టుకుని అక్క చేత రకరకాల ఫొటోలు తీయించుకున్నాడు. ఎండెక్కేకొద్దీ పడవ అటూ ఇటూ ఒరగసాగింది. ఎవరో కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది అతనికి. పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీలో కునుకు తీస్తోంది. మందులమ్మ హ్యాండుబ్యాగులోంచి వాంతుల మాత్ర తీసింది గానీ, అది మింగాల్సింది పడవెక్కకముందు. సంగతి ముంచుకొచ్చాక మింగితే ఏం లాభం?

"బావా, ఇది కాస్త పట్టుకో, థాంక్స్," అని బెల్టుతో సహా గాలం అప్పగించి మేనేజరు పడవ అంచుకు పరిగెత్తాడు.

"అలాగే," అన్నాడు మేస్త్రీ.

మేనేజరు మొదటి వాంతి పూర్తికాకముందే రీలు గిర్రున తిరిగింది.

తర్వాత జరిగింది మందులమ్మ కళ్ళప్పగించి చూసింది. ముందు చేప లాక్కుపోతుంటే మేస్త్రీ రెండడుగులు ముందుకు జారిపోయి మోకాళ్ళు అంచుకు ఆనించాడు. అక్కడ నిలదొక్కుకున్నాడు. చేప లాగితే వదిలాడు, చేప అలిస్తే లాగాడు. రెక్సిన్ బిగించడం కూడా ఇలాగే చేస్తాడతను. ఎక్కువ లాగితే చిరుగుతుంది, తక్కువ లాగితే ముడతలొస్తాయి. సరంగు మొదట్లో అలా పట్టుకో, ఇలా పట్టుకో అన్నవాడు కాసేపటికి నోరు మూసుకున్నాడు. మేస్త్రీ మెడ నరాలు తేలాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పళ్ళ బిగువున ఏదో గొణుక్కుంటున్నాడు. చెవి దగ్గర పెట్టి విన్నది మందులమ్మ. "ఎక్కడికి పోతావ్... ఎక్కడికి పోతావ్..." అంటున్నాడు. ఆ గొంతు ఆవిడ ఇంతకుముందు వినలేదు. తన మొగుడిదేనా అని ఒకసారి మొహంలోకి చూసింది కూడా.

ఎంతసేపటికో సొర పడవ పక్కన తేలింది. మనిషి పొడవు కంటే ఎక్కువే ఉంది. వీపు బూడిదరంగు, పొట్ట తెలుపు. ఒక కన్ను పైకి తిరిగి అందర్నీ ఒకేలా చూస్తోంది. సరంగు చేతికి తొడుగు వేసుకుని గాలం తీగ పట్టుకున్నాడు.

మేస్త్రీ గాలం కర్రను కాళ్ళ మధ్య ఇరికించి, వంగి, ఎవరూ వద్దనేలోపు సొర వీపు మీద చెయ్యి వేశాడు. తల నుంచి తోకవైపు నిమిరాడు. తర్వాత తోక నుంచి తలవైపు నిమిరాడు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. అరచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"అటు నిమిరితే నున్నగా ఉంది. ఇటు నిమిరితే గరుకు కాగితం," అన్నాడు, కొత్త రకం రెక్సిన్ గురించి చెబుతున్నట్టు.

"ఇది ఉంచుకోదగ్గ రకమే. సైజూ సరిపోతుంది," అన్నాడు సరంగు. "గాలం మీది. ఏం చేద్దాం మేస్త్రీగారూ?"

మేస్త్రీ సొరకేసే చూస్తున్నాడు.

అంచుకు వేలాడుతున్న మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం చేద్దామేంటి! పైకి లాగండి! అబ్బ, ఆ దవడ చూడక్కా!"

సరంగుకు వినపడలేదు. అతను మేస్త్రీ మొహమే చూస్తున్నాడు.

గొడవకు పెద్దావిడ మేలుకుంది. కుర్చీలోంచే మెడ చాచి సొరను పరిశీలించింది. "దాని మొహం చూస్తే మీ నాన్న గుర్తొస్తున్నాడురా. ఆయనా అంతే, నోరు పూర్తిగా మూసుకునేవాడు కాదు. పాపం, వదిలెయ్యండి."

"నువ్వుండమ్మా!" అన్నాడు మేనేజరు.

సరంగు ఇంకా ఆగాడు. తీగ తొడుగును కోస్తున్నా, పడవ ఒరుగుతున్నా అలాగే నిలబడ్డాడు. తన మొగుడి జవాబు కోసం ఒక మనిషి పని ఆపుకుని ఎదురుచూడటం మందులమ్మ తన పెళ్ళయ్యాక చూడటం ఇదే మొదలు. పక్కింటివాళ్ళు కొత్త వస్తువు కొన్నప్పుడు చూసినట్టు చూసింది ఆవిడ. కొంచెం సిగ్గు కూడా వేసింది.

 మేనేజరుకు కోపం వచ్చింది. "ఏంటి బావా ఆలోచన? ఇంత కష్టపడి లాగి, ఇప్పుడు వదిలేద్దామంటావా ఏంటి?"

"అలాగే," అన్నాడు మేస్త్రీ.

టక్కుమని చప్పుడైంది. సరంగు రెండో చేతిలోని కట్టరుతో తీగను సొర మూతి దగ్గర తెంపేశాడు. తనను వదిలేసిన సంగతి సొరకు వెంటనే అర్థం కాలేదు. ఒక క్షణం అక్కడే ఉంది. తర్వాత తోక ఒక్కసారి ఆడించి, ఏ తొందరా లేకుండా కిందికి వెళ్ళిపోయింది. బూడిదరంగు నీలంలో కలిసిపోయేదాకా మేస్త్రీ వంగి చూస్తూనే ఉన్నాడు.

మేనేజరు నోరెళ్ళబెట్టాడు. "నేనడిగింది అది కాదు! నా ఉద్దేశం అది కాదు!"

"నాకు మీ ఉద్దేశంతో పనిలేదు బాబూ. ఆయన మాట వినపడింది," అని సరంగు ఇంజను స్టార్టు చేశాడు.

తిరుగు ప్రయాణంలో మేనేజరు ఐసుపెట్టె మీద కూర్చుని సముద్రంకేసి చూస్తూ మొహం మాడ్చుకున్నాడు. పెట్టెలో సొర కోసం తెచ్చిన ఐసు కరిగిపోతోంది. మందులమ్మ మొగుడి పక్కన చేరి, హ్యాండుబ్యాగులోంచి దూదీ మందూ తీసి అరచెయ్యి తుడవసాగింది. అతను చెయ్యి ఇచ్చేసి కూర్చున్నాడు.

"ఏవండీ, నిజం చెప్పండి. వదిలెయ్యాలనే అన్నారా, అలవాటుగా నోట్లోంచి వచ్చేసిందా?"

అడిగి ఆవిడ లేవబోయింది. పడవలో నడిచి వెళ్ళడానికి వంటగది లేదు. మళ్ళీ కూర్చుంది. చేసేదేం లేక అతని మొహంకేసి చూస్తూ ఆగింది. దూది ఎర్రబడింది, ఇంకో దూది తీసింది. అది కూడా ఎర్రబడింది.

"రావడం అలవాటుగానే వచ్చింది," అన్నాడు చివరికి.

ఆవిడకు కొంచెం నిరాశ వేసింది. కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"అది వెళ్ళిపోతుంటే మాత్రం బాగుంది," అన్నాడు. ఇంకాసేపు ఆలోచించి, "చాలా బాగుంది," అన్నాడు.

 ఇన్నేళ్ళలో ఫలానాది బాగుందని అతను తనంతట తాను చెప్పడం ఆవిడకు గుర్తు లేదు. షాపు సంగతి కూడా ఇప్పుడే అడిగేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. ఈసారి అతను జవాబు చెప్పేలా ఉన్నాడు, అదే ఆవిడ భయం. ఆ గదిని తమ్ముడికి ధారపోసింది తనే. కట్టు ముడి రెండుసార్లు విప్పి మూడోసారి వేసింది.

రేవులో దిగాక సరంగు పెద్దావిడ కుర్చీ విప్పి అందించాడు. మేస్త్రీ దాన్ని భుజాన వేసుకున్నాడు. మేనేజరు ఐసుపెట్టె ఎత్తుకుని, ఏదో ఒకటి దక్కించుకోవాలన్న పట్టుదలతో ముందుకు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"సరే, దవడ కొనే తెచ్చుకుంటాను. రేపు సోమవారం బావా. పొద్దున్నే తాళాలిచ్చెయ్, థాంక్స్."

"ఇవ్వను."

మేనేజరు అలా నడుస్తూనే వెళ్ళిపోయాడు. వలల కుప్ప దాటాడు, తాడు చుట్టలు దాటాడు. విన్న మాట అప్పటికి చెవి నుంచి బుర్రలోకి దిగింది కాబోలు, ఆగాడు. ఐసుపెట్టె కింద పెట్టాడు.

"ఏమన్నావు?"

మేస్త్రీ కూడా కంగారుపడ్డాడు. అలవాటు కొద్దీ నాలుకతో బుగ్గల లోపల తడుముకున్నాడు. మేకులు లేవు. "ఇవ్వను," అన్నాడు మళ్ళీ. "ఆ కిటికీలోంచి వెలుతురు బాగా పడుతుంది. కుట్టు కనపడుతుంది. రేకుల కింద ఎండకు రెక్సిన్ సాగిపోతుంది. నేను అక్కడ కుట్టలేను." ఒకేసారి అన్ని మాటలు అనేసరికి కాస్త ఆయాసపడి, భుజం మీది కుర్చీ దింపి దాంట్లో కూర్చున్నాడు.

పెద్దావిడ అల్లుడికేసి చూసింది. "నా కుర్చీ," అంది.

"అక్కా!" మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చూడు బావ ఏమంటున్నాడో! ఆయనేమీ అనుకోడని నువ్వేగా చెప్పావు?"

మందులమ్మ మొగుడివైపు చూసింది. అతను ఆవిడవైపు చూశాడు. తన గది విషయంలో మాటిచ్చింది భార్యేనని అతనికి అప్పుడే తెలిసింది. ఈసారి ఆ మొహం మీద రాసి ఉంది. పెద్ద పెద్ద అక్షరాలే, ఎవరైనా చదవగలరు. ఆవిడకు అక్కడికక్కడ భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"చెప్పానురా," అంది. "నీకు చెప్పాను. ఆయన్ని అడగలేదు."

"అడగకుండా ఎలా చెప్పావు?"

"టీ పెట్టినట్టే చెప్పాను," అంది ఆవిడ. ఆ తర్వాత రేవులో అందరూ చూస్తుండగా ఏడ్చేసింది. మేనేజరుకు అర్థం కాలేదు. అతను టీ గురించి అడగలేదు.

ఆ సాయంత్రం మేస్త్రీ పెందలాడే తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేస్త్రీ అలిగాడేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది. అతనికి అలగడం వచ్చని కూడా ఆవిడకు అప్పుడే తోచింది.

సోమవారం పొద్దున మేస్త్రీ తాళాలు జేబులో వేసుకుని గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాడు. పొయ్యి మీద పాలున్నాయి. మందులమ్మ వంటగది గుమ్మంలోంచి అడిగింది.

"నాకివాళ సెలవండీ. మీతోపాటు షాపుకి రానా? ఊరికే కూర్చుంటాను."

అంటూనే ఆవిడ కాలు వంటగదిలోకి తిరిగింది. ఆ కాలును వెనక్కి లాక్కుంది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

మేస్త్రీ ఒక చెప్పు తొడుక్కున్నాడు. రెండోది చేత్తో పట్టుకుని, కట్టు కట్టిన అరచేతికేసి చూసుకున్నాడు. తర్వాత ఆవిడకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. లోపల పాలు పొంగాయి. పొయ్యి మీద పడి మాడుతున్న వాసన గడప దాకా వచ్చింది. ఆవిడ కదల్లేదు.

"అలాగే," అన్నాడు మేస్త్రీ.